అప్పుల వరుస

రూవీలో రాత్రి పదకొండు దాటితే
కొండలు షాపుల వెనక్కి వచ్చి నిలబడతాయి,
గడ్డిపోచ లేని కొండలు,
పగటి వేడిని మెల్లగా వదులుతూ.
షట్టరు సగం దించి నేను
ఒక బడి వద్దనుకున్న పద్నాలుగు కంప్యూటర్లని
ఇంకో బడి కోసం లేపుతున్నాను.

అర్బాబు సాయంత్రం పోతూ చెప్పిపోయాడు:
"ఆన్ చేయగానే మన షాపు పేరు రావాలి."
సొమ్మొకడిది సోకొకడిది అని
అరబ్బీలో ఎట్లా అంటారో నాకు తెలీదు.
సరే అన్నాను.

దీన్ని అందరూ లినక్స్ అంటారు.
అది గుండెకాయ పేరు.
చేతులు, కాళ్ళు, కడుపు,
ఫైలుకి నకలు తీసేది, వరస పెట్టేది, వెతికేది,
మనం రాసింది యంత్రానికి నమిలి పెట్టేది,
చాలావరకు అంతకు ముందే మొదలైన గ్నూ ఇంటివి.
ఆ ఇంటిపేరు ముందు పెట్టి, మధ్యలో ఏటవాలు గీత గీసి,
రెండూ కలిపి పిలవండని కొందరు అడుగుతారు.
నోరు తిరగదంటారు మిగతావాళ్ళు.
ఇంటిపేరు, కాస్త జాగా, అసలు పేరు.
మా పెళ్ళిపత్రికల్లో దీనికెవరూ కొట్టుకోరు.

నా సంగతి తిరగబడింది.
బతాకా మీద గడి చాలక
దూదేకుల దగ్గరే అచ్చు ఆగిపోయింది.
దస్తగిరి గడి బయట ఉండిపోయాడు.
ఏడేళ్ళుగా ఈ వీధంతా నన్ను "దూదే" అంటుంది.
మా తాత ప్రొద్దుటూరులో దూది ఏకేవాడు.
విల్లు నారి మోగితే సందంతా తెల్లటి నుసి.
ఆ పరుపుల మీద ఎవరెవరో పడుకున్నారు, లేచారు.
ఏ పరుపు మూలా ఆయన పేరు కుట్టలేదు.
ఆయన అడగలేదు కూడా.
అడగొచ్చని తెలీదేమో.

నేను చెప్పబోయింది ఇది కాదు.

షాపు పని అయ్యాక నాకు ఇంకో పనుంది:
మెనూలని తెలుగు చేయడం. జీతం లేదు.
ఒక్కో ఇంగ్లీషు మాట కింద ఒక్కో ఖాళీ.
ఆ రాత్రి చివరి వరుసలో వచ్చింది,
"ట్రాన్స్‌లేటర్ క్రెడిట్స్."
నాకు తెలిసిన క్రెడిట్
కింది కొట్లో కుంజుమోను చిట్టా:
దూదే, రెండు పాలు, ఖుబ్బూసు ఒక కట్ట, బాకీ.
నిద్రమత్తులో అదే రాశాను:
అనువాదకుల అప్పులు.

మర్నాడు సరిచూసే భూలక్ష్మి గారు
హైదరాబాదు నుంచి నవ్వుతూ జాబు రాశారు:
"బాబూ, అది తర్జుమా చేసే వరుస కాదు.
అక్కడ నీ పేరు రాసుకోవాలి."

ఇంత ఫైలులో
తెలుగు చేయకూడని వరుస అదొక్కటే!

తుడిచి రాయబోతే
పై అంచున, పాత దుమ్ములా, ఇంకొకరున్నారు:
కందాళ వకుళ, తణుకు. పదిహేనేళ్ళ నాటి తేదీ.
సగం మాటలు ఆమెవే.
"సేవ్"కి దాచు అని పెట్టింది,
పోపుడబ్బాలో నోట్లు దాచినట్టు.
"హైడ్"కీ దాచు అనే పెట్టింది.
రెండు బొత్తాలు, ఒకటే మాట,
ఏది నొక్కితే ఏమవుతుందో దేవుడికెరుక.
ఒకటి దిద్దాను.
దిద్దానని ఆమెకి ఉత్తరం పంపితే
ఆ చిరునామా లేదని యంత్రం తిప్పికొట్టింది.

పేరు పెట్టడమంటే
బిడ్డను ఊయల్లో వేసి పిలవడమే కాదు,
తప్పు పట్టడం కూడా.
ఆమె విషయంలో రెండూ చేశాను.
మొదట ఆమె, కందాళ వకుళ.
ఆ కింద నేను, దూదేకుల దస్తగిరి,
కొమ్ములూ గుడులతో సహా.
అక్కడ గడి ఎంతైనా సాగుతుంది.

అర్బాబు మాటా నిలబెట్టాను.
తెర మీద షాపు పేరు పచ్చగా వెలుగుతుంది,
రెండు సెకన్లు.
దాని వెనక కాపీరైటు ఫైళ్ళలో వేలమంది,
ఒక్కరి అక్షరం కూడా కదపలేదు.
వాటిని ఎవరూ తెరవరు.
పద్నాలుగిట్లోనూ నేను తెరిచి చూశాను.

"అప్పులు" అన్న మాటని మాత్రం
తుడవకుండా ఉండాల్సింది.