పేగు జిగురు

ఆరో రోజు పొద్దున్నే ఓడన్ అన్నాడు:
"నా కాలు కిటికీ బయట పెట్టిందెవరు?"
దుప్పటి ఎత్తి చూశాను.
కొత్త మోకాలు కుట్లతో సహా వెచ్చగా, బాగానే ఉంది.
దాని కింద పాదమే
జనవరి టిస్సా నది.
వేళ్ళ చివర మా పెరటి ఆల్‌బుఖారా రంగు.

రోజుకి రెండు సూదులు, పొట్ట మీద,
నెత్తురు గడ్డకట్టకుండా.
నేనే రాసుకున్నాను, ఉల్లిపాయల పద్దు పుస్తకం వెనక పేజీలో:
ఎడమ, కుడి, ఎడమ, కుడి.
ఒక్కటీ తప్పలేదు.

డాక్టర్ బొగ్లార్కా, మా మనవరాలి ఈడుది,
రాత్రి డ్యూటీకి జడ సగం ఊడిపోయి ఉంది,
కాగితం చూసింది, మళ్ళీ చూసింది.
మొన్న రెండు లక్షల ముప్ఫై వేలున్న ప్లేట్‌లెట్లు
ముప్ఫై ఎనిమిది వేలు.
"తగ్గితే కారిపోవాలి కదమ్మా నెత్తురు?" అన్నాను.
"ఇది వేరు. ఉన్నవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని
ముద్ద కడుతున్నాయి.
మందే చేస్తోంది."

సెగెడ్ ఆసుపత్రిలో, ఆ తెల్ల లైటు కింద,
కంచే చేను మేస్తుంటే
నేను గట్టున కూర్చుని
ఎన్ని నోళ్ళు మేసిందో పద్దు రాశానన్నమాట.

సూదులు ఆపారు.
సెలైన్ గొట్టం కడిగే చుక్క కూడా ఆపారు.
తలాపున ఎర్ర అక్షరాల అట్ట.
వేరే మందు, వేరే సీసా.
పాదం తిరిగొచ్చింది.
రెండు వేళ్ళు రాలేదు.

తర్వాతెప్పుడో అడిగాడు, ఊరికే,
ఆ మందు దేంతో చేస్తారని.
బొగ్లార్కా తటపటాయించింది.
"పంది పేగు లోపలి జిగురుతో."

ఓడన్ నవ్వు వార్డంతా విన్నది.
మోకాలు పట్టుకుని మరీ నవ్వాడు,
నలభై ఒక్క ఏళ్ళు కబేళాలో
పేగులు తిరగేసి, కత్తి వీపుతో గీకి,
సాసేజికి పొర ఉంచి,
జిగురు బాల్చీలకెత్తి
మంగళవారం లారీకి కిలోల లెక్కన తూచిన మనిషి.
"ఎక్కడికి పోతుందో ఒక్కసారీ అడగలేదు, పిరోష్కా."
నవ్వాగాక చాలాసేపు గోడకేసి చూశాడు.

డిసెంబరులో పక్కింటివాళ్ళు పందిని కోశారు.
పెరట్లో ఆవిర్లు, మిరప్పొడి ఘాటు, పాలింకా గ్లాసులు.
ఓడన్ కుర్చీ వేయించుకున్నాడు,
కుడి బూటు ముందు భాగంలో గుడ్డ కుక్కుకుని.
పేగులు తనే గీకుతానన్నాడు.
చేతికి రబ్బరు పట్టీ, బతికినన్నాళ్ళూ తీయకూడనిది:
హెపారిన్ ఇవ్వొద్దు.
దాన్ని మోచేతి దాకా పైకి జరుపుకున్నాడు,
జిగురు అంటకుండా.