దండం కాదది

ఆరో నెలలో మొదలైంది.
నిద్ర లేస్తానే తల ముందుకు వంచి
రెండు చేతులూ ఒక్కసారిగా చాచి
ముడుచుకునేవాడు, విప్పుకునేవాడు,
మళ్లీ ముడుచుకునేవాడు.
"చూడండ్రా, కొండకి దండం పెడతా ఉండాడు!"
మా అమ్మ రెడ్డెమ్మ వీధంతా పిలిచి చూపించింది.
పాకాలలో మా మిద్దె మీంచి కొండ కనపడదు.
అయినా అందరం ఆ దిక్కుకి తిరిగి నవ్వినాం.
ఇరవై మూడు దినాలు నవ్వినాం.
తర్వాత లెక్కేసుకున్నా.

నాది పాలకేంద్రంలో కొలత పని.
తెల్లారి నాలుగున్నరకి క్యాన్లు దిగుతాయి.
వెన్న ఎంత శాతం, లీటర్లెన్ని, నీళ్లెన్ని.
చుక్క చూసి ఆవు ఏం మేసిందో చెప్తానని పేరు.
ఇంట్లో బిడ్డ చూపు పలచబడతా ఉంటే
కనుక్కోలేకపోయినా.
గిలక్కాయ ఆడిస్తే తిరగడు.
కూర్చోబెడితే ఒరిగిపోతాడు.
పళ్లొస్తా ఉండాయన్నారు ఒకరు.
పక్కూరాయన తాయెత్తు కట్టి
నూటపదహార్లు తీసుకున్నాడు.

తిరుపతి పెద్దాసుపత్రిలో
ధనకోటి ఫోన్లో పట్టిన వీడియో చూసి
డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది.
నలభై సెకన్లది. రెండోసారి చూడలేదు.
నాకు అప్పుడే తెలిసిపోయింది.

బిడ్డ నిద్రపోతేనే తీయాలంట పరీక్ష.
మస్తానీ అనే పిల్ల, తలకి జిగురు రాసి
తీగలన్నీ అంటించింది, జడేసినంత ఓపికగా.
తెర మీద గీతలు.
సంతలో అందరూ ఒకేసారి బేరమాడినట్టు
ఒక గీత మాట ఇంకో గీత వినలేదు.
"ఇట్లా ఉండకూడదా మా?" అంటే
"డాక్టర్ చెప్తారు సార్" అనింది.
బిడ్డ జుట్టులో జిగురు మటుకు
రెండుసార్లు తుడిచింది.

ఆ జబ్బుకి ఎవరో దొర పేరు.
ఆయనా డాక్టరేనంట. సొంత బిడ్డ వంగడాలు లెక్కపెట్టి
మందెవరికైనా తెలుసా అని పత్రికకి రాసినాడంట,
నూట ఎనభై ఏళ్ల కిందట.
ఆ రాత్రి వార్డు బెంచీ మీద
ఆయనకి కొంచెం జరిగి చోటిచ్చినా.

ఐసు డబ్బాలో సూదిమందు. ఒక దినం ఈ తొడ, ఒక దినం ఆ తొడ.
మొహం ఉబ్బింది. ఆకలని రాత్రంతా ఏడుపు.
పాల పుస్తకం వెనక పేజీ తిప్పి
లీటర్ల గడిలో ఎన్నిసార్లో రాసినా,
శాతం గడిలో ఎంతసేపో.
పొద్దున ముప్పై నాలుగు. మాపు పంతొమ్మిది.
పదకొండో దినం గడి ఖాళీ.
ఖాళీ గడిని నమ్మడం మాకు చాతకాలేదు.
ధనకోటి తెల్లారేదాకా నిలబడి
వాడి ఊపిరి లెక్కపెట్టింది.

రెండేళ్లకి పేరు మార్చుకుని వచ్చింది.
ఈసారి వంగడం కాదు, నిలువునా పడిపోవడం.
మూడు మందులు, మూడు రంగుల మూతలు.
చాలక, అన్నమే ఆపమనింది డాక్టరమ్మ.
నెయ్యి, మీగడ, గుడ్డు, అన్నీ గ్రాముల లెక్క.
సంగటి ముద్ద చూస్తే చెయ్యి చాపుతాడు,
మేం తలుపేసుకుని తింటాం.
ఊరందరి వెన్నా కొలిచినవాణ్ణి,
ఇప్పుడు నా బిడ్డ గిన్నెలో కొలుస్తా ఉండా.
నలభై నించి ఆరు. ఆరు నించి తొమ్మిది.
తొమ్మిది నించి నాలుగు.
మాటలు లేవు.
నడక ఉంది, గోడ పట్టుకుని.

పోయిన మంగళవారం పాకాల బస్టాండులో
ఎవరి ఒళ్లోనో ఒక చంటిది
వంగుతా ఉంది, లేస్తా ఉంది.
"ఎంత భక్తో" అంటా ఉండారు చుట్టూ.
మా అమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది.
"మేయ్, అది దండం కాదు మేయ్.
ఫోన్ తీయి. వీడియో పట్టు.
రేపు కాదు, ఈ బస్సుకే పో తిరుపతికి."
ఆ పిల్ల బెదిరి బిడ్డని పైట కింద దాచుకుంది.
అమ్మ బస్సెక్కి, వాళ్ల పక్కనే కూర్చుని
కిటికీలోంచి నాకేసి చెయ్యి చాపింది.
"వందుంటే ఇయ్యిరా. వచ్చేసరికి రాత్రయితాది.
బిడ్డకి ఏడుకి మందు,
మర్చిపోబాక."