కనబడాలి, వినబడకూడదు

వారంలో ఆరు రోజులు నేను ఏసీ మెకానిక్కుని.
ఫర్వానియా డాబాల మీద, జూలై ఎండలో,
రాగిగొట్టానికి సబ్బునురగ పూసి
బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తుంటాను.
గ్యాసు ఎంత సన్నగా కారినా పట్టేస్తాను.

శుక్రవారం సిటీలో చర్చి కాంపౌండుకు వెళ్తాను.
తెలుగు ఆరాధన పన్నెండున్నరకు ముగుస్తుంది.
రెండింటికి మలయాళం వాళ్లొస్తారు.
ఆ మధ్యలో వెనక గది మాది:
రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక నీళ్లసీసా,
తలుపుకి జానెడు అద్దం.
ఆ అద్దం ఏసుపాదం గారు పెట్టించారు.
"లోపలివాళ్లు కనబడాలి, వినబడకూడదు" అన్నారు.
నాకిచ్చిన ట్రైనింగు అంతే.
అద్దానికి అవతల ఆయన భార్య కూర్చుని
ప్రేమవిందుకి వెల్లుల్లి ఒలుస్తుంది.
తల ఎత్తదు, లేచి వెళ్లదు.

ఇవాళ ఒకామె వచ్చింది.
రాజోలు అనుకోండి. కాదు, రాయచోటి.
చున్నీ రంగు మార్చేశాను, పిల్లల లెక్క మార్చేశాను,
అసలు "ఆమె" అన్నమాట కూడా ముసుగే కావచ్చు.
వెతక్కండి.

ఎందుకంటే మూడేళ్ల కింద
నేను లీకయ్యాను.
ప్రార్థన మనవులు చెప్పమంటే లేచి నిలబడి
"పేరు చెప్పను గానీ, ఒక సహోదరి..." అన్నాను.
కళ్లు మూసుకునే అన్నాను, కన్నీళ్లతోనే అన్నాను.
జహ్రాలో పనిచేసే ఖద్దామాలు మనవాళ్లు ఎందరు,
ఎవరి కఫీలు ఎలాంటివాడు,
వేళ్లమీద లెక్కేశారు.
ఆమెన్ అనేలోపే అందరికీ తెలిసిపోయింది.
పై వారం చెప్పుల వరసలో
ఆ వంకాయరంగు జోడు లేదు.
మళ్లీ ఎప్పుడూ లేదు.
(వంకాయరంగు కాదు. అదీ మార్చాను.)

ఇవాళ వచ్చినామె కూర్చోకముందే అడిగింది:
"ఎవరికీ చెప్పరు కదా అన్నా?"
"చెప్పను. కానీ ఒక్కటి.
ప్రాణం మీదికొచ్చే మాటైతే దాచలేను,
నీ ప్రాణమైనా, ఇంకొకరిదైనా.
ఎవరితో చెప్తానో ముందు నీతోనే చెప్తాను.
ఇష్టమైతేనే మొదలుపెట్టు.
లేదంటే నీళ్లు తాగి వెళ్లొచ్చు."
నీళ్లు తాగింది. వెళ్లలేదు.

నలభై నిమిషాలు.
నా నాలుక చివరికి ఒక వాక్యం వచ్చి నిలబడింది.
మంచి వాక్యమే, కంఠతా వచ్చిందే.
దాన్ని అక్కడే నిలబెట్టాను.
మందు చేతిలో ఉంది కదా అని
పుండు ఎక్కడుందో చూడకుండా పూస్తామా?
ఆమె ఏడుస్తుంటే నా చెయ్యి లేచింది,
భుజం దాకా పోబోయి
సీసా మూత బిగించి ఊరుకుంది.
క్షమించెయ్యమ్మా అనడం ఎంత తేలిక,
దెబ్బ నాకు తగల్లేదు కాబట్టి.

"నన్నేం చెయ్యమంటారు?"
"నీ బదులు నేను తేల్చకూడదమ్మా."
"మరి మీరెందుకు ఇక్కడ?" అంది, విసుగ్గానే.
జవాబు వెంటనే దొరకలేదు.

ఫిల్టరైతే కడుగుతాను, గ్యాసైతే నింపుతాను,
కంప్రెసరు పోతే కంపెనీకి పంపుతాను,
అందులో నాకు సిగ్గు లేదు.
కాగితం మీద రెండు నంబర్లు రాశాను:
ఎంబసీలో పనివాళ్ల గోడు వినే ఆఫీసుది,
తెలుగొచ్చిన డాక్టరమ్మది.
"ఫోన్ చేస్తానంటే పక్కన కూర్చుంటాను.
చెయ్యనంటే, వచ్చే శుక్రవారం కూడా ఈ కుర్చీ ఉంటుంది."

చున్నీ ముడి విప్పి ఐదు దినార్లు
కానుకనుకోండంటూ సీసా కింద పెట్టింది.
సీసాతో సహా ఆమెకే ఇచ్చేశాను.

రాత్రి హసావీలో, ఆరుగురం పడుకునే గదిలో,
నెహెమ్యా అడిగాడు: "ఎవరొచ్చార్రా ఇవాళ?"
"మలయాళం వాళ్లొచ్చారు, పది నిమిషాలు ముందే."
వాడు నవ్వి అటు తిరిగాడు.

నాకు నిద్రలో మాట్లాడే అలవాటుంది,
చిన్నప్పుడు అమ్మ చెప్పేది.
అందుకే శుక్రవారం రాత్రి మాత్రం
మూతికి తువ్వాలు కట్టుకుని పడుకుంటాను.