చింతగింజల ఖాతా

ఎనుమాముల మార్కెట్ల మిర్చి దిగుడు మొదలైతే
మా ఇంట్ల దుప్పట్లు సుత తుమ్ముతయి.
అమ్మ తొడిమెలు తీసేది, కిలోకింత అని.
రాత్రి మండే చేతులు మజ్జిగల ముంచుకొని
నన్నే ముద్దలు కలిపి పెట్టమనేది.
అట్ల కట్టిన ఫీజు.
నేను కట్టలే, సంతకం చేసిన.

ఎంబీఏ, ఫైనాన్స్ అండ్ టెక్నాలజీ.
రెండేండ్లు, హన్మకొండ.
"ఒక్క ఫీజుకు రెండు సదువులమ్మా" అని
కౌంటర్ల సారు నవ్విండు,
సబ్బు కొంటే చెంచా ఉత్తగనే అన్నట్టు.

పొద్దుగాల బ్యాలెన్స్ షీట్, పగటీలి పైథాన్.
మా బ్యాచ్‌ల సగం మందికి ఒకటి రాదు,
మిగిలిన సగానికి ఇంకోటి రాదు.
నాకు రెండూ కొంచెం కొంచెం వచ్చేవి.
రిస్క్ పాఠం మాత్రం మస్తు నచ్చింది:
మనిషిని మూడంకెలల్ల రాయొచ్చంట.

ఆఖరి సెమిస్టర్‌ల కాజీపేట పిలగాడు పుణె బండెక్కిండు.
ఇస్రత్ ఒక బ్యాంకుల మోసాలు పట్టే పనిల చేరింది.
ఇద్దరు మళ్ల గ్రూప్స్ పుస్తకాలు కొన్నరు.
నాకు మడికొండల కొలువు,
చిన్న చిన్న అప్పులిచ్చే కంపెనీ.
ఏసీ సల్లగ, కుర్చీ గిర్రున తిరుగుతది.
నా పని,
ఎవరికి ఇయ్యద్దో యంత్రానికి నేర్పుడు.

మొదటి నెల మూడు వందల పన్నెండు మందిని వద్దన్నం.
నేనన్న అనాల్నా, అదన్నది అనాల్నా,
ఈ వ్యాకరణం సిలబస్‌ల లేకుండె.

ఒకనాడు లిస్టుల కనుకుంట్ల నర్సవ్వ.
వయసు యాభై ఒకటి.
వృత్తి: ఇతరములు.
పరపతి చరిత్ర: లేదు.
ఇరవై ఏండ్లు మా అమ్మ పక్కపొంటి కూసొని
దగ్గుకుంట మిర్చి ఏరిన మనిషికి
చరిత్ర లేదు.

"నర్సవ్వకు నలభై వేలిస్తే కడ్తదానే?"
అమ్మ మాట్లాడలే. బియ్యం డబ్బ ఎనుకకెళ్లి
ఒక సంచి తెచ్చి గుమ్మరించింది.
ఇరవై రెండు చిన్న మూటలు,
ఒక్కొక్కటి ఒక్కొక్కామె పాత చీర ముక్క.
లోపట చింతగింజలు. చిట్టీ లెక్క.
టైముకు కడ్తే నిండు గింజ, ఆలస్యమైతే బద్ద.
నర్సవ్వ నీలం మూటల తొంభై నాలుగు గింజలు, రెండు బద్దలు.
"గా రెండు నెలలు దాని మొగనికి పచ్చకామెర్లు" అన్నది అమ్మ.

వాళ్లందరినీ అడిగినంకనే
గింజలు ఎక్సెల్‌ల ఎక్కించిన.
తెల్లారేసరికి కీబోర్డుకు ఘాటు పట్టింది.

"దీనికి సోర్స్ ఏంది?" అన్నడు మేనేజర్ విఠల్‌రావు.
మా అమ్మ అంటే నవ్వుతడని
"సామాజిక పరపతి నమోదు" అన్న.
తల ఊపిండు.
రెండేండ్ల సదువు ఈ ఒక్క మాట కోసమేనా అని
బస్సుల ఇల్లొచ్చేదాక అనుకున్న.

మూడు నెలల ట్రయల్. పదకొండు మందికి ఇచ్చిన్రు.
నర్సవ్వ కారం గిర్ని పెట్టింది,
మా గల్లీల కుక్కలు ఇప్పుడు ఆ దిక్కు పోవు.
పది మంది కడ్తున్నరు.
ఒకామె ఆగింది.
నా మోడల్ అందరికన్న ఎక్కువ మార్కులేసింది ఆమెకే.

అమ్మకు చెప్తే, తొడిమె తీసుకుంటనే,
"ఆమె గింజలు ఆమెయి కాదు బిడ్డా,
అన్ని ఏండ్లు చెల్లె కట్టేది.
చెల్లె పోయిన ఏడు సచ్చిపాయె.
నువ్వు అడిగితివా?"

అడగలే.
ఎన్ని గింజలని అడిగిన, ఎవరియని అడగలే.

రేపు ఇంకో కాలమ్ కలపాలె.
దానికి ఏం పేరు పెట్టాల్నో తెల్వక కూసున్న,
స్క్రీన్ మీద గీత కొట్టుకుంటాంది.
అమ్మ ముంగట మిర్చి ఇంకా సగం మిగిలుంది.
రెండు దోసిళ్లు నా దిక్కు జరుపుకొని
తొడిమెలు తీస్తున్న,
చెయ్యి కడుక్కోక కన్ను నలుసుకుంటి.