మంగళవారం, ఎనిమిది నుంచి పది

బిస్కెట్ల డబ్బాలో వచ్చాయి కాగితాలు.
అడుగున ఇంకా కొంచెం పొడి, చక్కెర పలుకులు.
మిల్‌ఫర్డ్ రేవులో నలభై ఏళ్లు క్రేన్ నడిపిన ఎమ్రిస్
అక్క లెక్కంతా అందులో కుక్కి
నా బల్ల మీద పెట్టి
"పెన్నీతో సహా చూసుకోండి" అన్నాడు.
రసీదు ఇస్తానంటే
చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

నా పని ఇదే.
మనిషి పోయాక ఖాతాలో మిగిలిందాన్ని
కౌన్సిల్ పద్దుకు తిరిగి రాబట్టడం.
సంరక్షణకని నాలుగు వారాల డబ్బు ముందే వేస్తాం.
చావుకి మా వారాలతో పనిలేదు.
నెస్టా ప్యూ, ఎనభై ఒకటి,
మంగళవారం తెల్లవారుజామున నాలుగూ పదికి.
అక్కడ గీత గీస్తాను.
పైనున్నది ఆమె ఖర్చు.
కిందున్నది ఊరందరి సొమ్ము.

చేతి తొడుగుల పెట్టె ఒకటి: ఒప్పుకున్నాను,
సీలు విప్పకపోయినా సోమవారం కొన్నదే.
జీతాలు కట్టిపెట్టే కంపెనీకి పద్దెనిమిది పౌండ్లు.
దహనానికి పువ్వులు: కుదరదు.
(ఎమ్రిస్ ఆ బిల్లు ఎందుకు పెట్టాడో.
మడతలో ఇరుక్కుని వచ్చిందేమో.)

తర్వాత హలీనా పనిగంటల కాగితం.
బడిపిల్లలా అచ్చు అక్షరాలు, ప్రతి గడీ నిండుగా.
ఆదివారం: స్నానం. గోళ్లు. రేడియోలో రగ్బీ, మనం ఓడాం.
సోమవారం: సూపు, మూడు చెంచాలు.
మంగళవారం, ఎనిమిది నుంచి పది:
కిటికీ తెరిచాను. జుట్టు దువ్వాను.

కంప్యూటర్‌లో కొట్టగానే గడి ఎర్రబడింది.
*సేవ ముగిసిన తరువాతి గంటలు చెల్లవు.*

ఫోన్ చేశాను.
మీకు ఎవరూ చెప్పలేదా?
"చెప్పారు. ఎమ్రిస్ ఐదింటికే చేశాడు."
మరి వెళ్లారే?
అవతల ఏదో కుండలో నీళ్లు మరుగుతున్న చప్పుడు.
"ఎనిమిదింటికి నా డ్యూటీ కదా" అంది.
కాసేపాగి,
"డాక్టరు ముందుకైనా ఆవిడ
చెదిరిన జుట్టుతో వచ్చే మనిషి కాదు.
కొట్టేయండి ఆ రెండు గంటలు, ఏం కాదు."

కొట్టేయక్కర్లేదు, అంది మా పై అధికారి.
నోటీసు జీతం ఎలాగూ ఇస్తాంగా?
మంగళవారం నుంచే మొదలు.
అదే ఎనిమిది, అదే పది, అవే పాతిక పౌండ్లు.
కోడ్ మార్చితే చాలు.

మార్చాను.
గడి పచ్చబడింది.
పక్కన తనంతట తానే ఒక వరుస వచ్చి కూచుంది:
*పని చేయని గంటలు.*

ఆ వరుసను చెరపడం నా చేతిలో లేదు.
వ్యాఖ్యల పెట్టె ఉంది, నూట ఇరవై అక్షరాలకు.
"జుట్టు దువ్వింది" అని రాశాను.
ఎవరికోసం రాశానో తెలియదు.
ఆడిటర్లు ఆ పెట్టె తెరవరు.

శుక్రవారం ఎమ్రిస్ డబ్బా కోసం వచ్చాడు.
చెక్కు రాసి తెచ్చాడు, వణుకుతున్న అంకెలు,
ఆరు వందల పదకొండు పౌండ్ల నలభై పెన్నీలు.
చెల్లుకు చెల్లు.
"ఆ అమ్మాయికి మంగళవారంది అందిందా?"
అందింది, అన్నాను.
ఏ పేరు మీద అందిందో చెప్పలేదు.

కోటు లోపలి నుంచి తొడుగుల పెట్టె తీశాడు.
"ఇవి మీవేగా. సర్కారు డబ్బుతో కొన్నవి."
వస్తువులు తిరిగి తీసుకునే ఫారం మా దగ్గర లేదు.
ఆ మాట అనేలోపే
డబ్బా చంకన పెట్టుకుని వానలోకి దిగాడు.

పెట్టె నా సొరుగులోనే ఉంది.
వంద తొడుగులు, చిన్న సైజు.
ఒకటి వేసుకుని చూశాను.
బొటనవేలు దాటి దిగలేదు.