ఏడో నంబరు వుడ్డు

గుంతకల్లు బయట, గడ్డి మొలవని మా మైదానంలో
గ్రీను కూడా ఎర్రగానే ఉంటుంది.
ఇసుకలో నూనె కలిపి
గోనెసంచి ఈడ్చి చదును చేస్తాడు నబీరసూల్.

ఆరో గుంత దగ్గర నాకెప్పుడూ లెక్క తప్పేది.
అయిదో నంబరు ఐరన్ నూట అరవై గజాలు.
అయిదో నంబరు వుడ్డు నూట తొంభై.
జెండా ఉన్నదేమో నూట డెబ్బై అయిదులో,
ముందర వంక, వెనక తుమ్మకంప.

పదకొండేళ్లు
ఐరన్‌తో బలంకొద్దీ కొట్టి వంకలో పడేశాను,
వుడ్డును కురచగా పట్టి కంపలో పోగొట్టాను.
యాభై ఎనిమిది పెట్టెల గూడ్సును గీత మీద ఆపినవాణ్ణి,
ఒక్క బంతిని ఆపలేకపోయాను.

ఇది బెంగుళూరు పాత సామాన్ల అంగట్లో దొరికింది.
పేరుకే కట్టె, అంతా బోలు ఇనుము.
మొగం ఆకాశానికి తిప్పుకున్న పొట్టిది.
"ముసిలోళ్ల కట్టె గదన్నా" అన్నాడు గార్డు ఎర్రిస్వామి.
"ఔ, నేనిప్పుడు ఎవురు మరి?"

నబీరసూల్ దాని నుదురు బొటనవేలితో రుద్దాడు.
"గట్టిగా కొట్టద్దు సార్. ఊరికే తిప్పు.
లేపేది అదే లేపుతాది."

తిప్పాను.
బంతి ముందుకు కాదు, పైకి పోయింది.
ఆలూరు గాలి దాన్ని కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసింది.
తర్వాత, తూర్పారపట్టేటప్పుడు గట్టి శనక్కాయ దిగినట్టు
నిట్టనిలువునా దిగి
నూనె ఇసుకలో చిన్న సొట్ట చేసుకుని
అక్కడే కూచుంది.

నబీరసూల్ గోనెసంచి భుజాన వేసుకుని కదిలాడు.
"ఆ సొట్ట చెరపద్దు, ఉండనీ!"
వినలేదు.
గుంత దాకా బంతికి దారి
చదును చేయాల గదా.