వీపు కయ్య

ఏడున్నరకి రొయ్యల కంపెనీ వ్యాను
విడవలూరు సెంటర్లో హారన్ కొడుతుంది.
పెంచలమ్మ టిఫిన్ డబ్బా చంకన పెట్టుకొని
ఒక కాలు చెప్పులో, ఒక కాలు వాకిట్లో,
"పండబెట్టు, ఫోన్ ఇయ్యబాక" అని పోతుంది.

పండబెట్టడమంటే
ట్రాక్టర్ని షెడ్డులో పెట్టినట్టనుకున్నా.
తాళం తిప్పితే ఆగే జాతి కాదిది.
మొదటి వారం అరిచా.
రెండో వారం బతిమాలుకున్నా.
బూచోడొస్తాడంటే చిన్నోడు
తలుపు తీసి, రమ్మని పిలిచాడు.

మూడో వారంలో ఒక రాత్రి కరెంటు పోయింది.
ఫ్యాను ఆగింది, దోమలు లేచాయి.
చాప మీద బోర్లా పడుకొని వాడు
"నాయనా, వీపు" అన్నాడు,
గోకమని.
చెమట వీపు. జారుడు వీపు.
పగలంతా దమ్ము చేసొచ్చిన చెయ్యి,
దానికి తెలిసింది అదొక్కటే.
అరచెయ్యి ఆనించి మెడ కిందనుంచి
నడుం దాకా పోనిచ్చా.
"ఏందిది?"
"కయ్యరా. దమ్ము చేస్తన్నా. కదలబాక, గెనెం తెగుద్ది."
కదల్లేదు.
ఇన్ని రోజుల్లో మొదటిసారి
వాడు కదల్లేదు.

అప్పట్నించి రాత్రిళ్లు కూడా సేద్యమే.
మోచెయ్యితో బల్ల తోలాలి, నిదానంగా.
నాట్లకి నాలుగు వేళ్లు కూలికొస్తాయి,
వెనక్కి వెనక్కి నడుచుకుంటా
వెన్నుపూసకి రెండు పక్కలా.
బొటనవేలు మేస్త్రి. పని చెయ్యదు, అరుస్తుంది.
కొంగలు రెండు దిగి పురుగులేరుకుంటాయి.
చంకలో ఒక బొక్క ఉంది.
ఆ బొక్కలో ఎండ్రకాయ ఉంది.
అది బయటికొచ్చిందంటే
పక్కింటి వెంగమ్మత్త గోడ మీంచి
"మీ ఇంట్లో నిద్రలు లేవా" అనాల్సిందే.

తప్పు చేసే నేర్చుకున్నా.
ఎండ్రకాయని ఆఖర్న వదిలితే
పన్నెండైనా కన్ను మూతపడదు.
దాన్ని ముందే వదలాలి,
నవ్వంతా ముందే కోసెయ్యాలి.
తర్వాత కొంగలు. తర్వాత నాట్లు, నోట మాట లేకుండా.
నీళ్లు అన్నిటికన్నా చివర.
నీళ్లు కట్టేటప్పుడు తొందరపడేవాడికి
కయ్య ఇయ్యబాకండి అనేవాడు మా నాయన.
భుజం మీద మడవ తీసి
ఒక్కో మూలా నిండేదాకా ఆగుతా.
లోపల ఊపిరి నిండేది
అరచేతికి తెలుస్తుంది.
"కోతలెప్పుడు నాయనా" అంటాడు, మాట ముద్దగా.
"పొద్దన."
వినడు.

లిఖిత మూడో క్లాసు.
దానికివన్నీ చిన్నపిల్లోళ్ల ఆటలంట.
గోడవైపు తిరిగి ఎక్కాలు చదువుకుంటుంది.
తమ్ముడు గుర్రుపెట్టాక,
ఏడో ఎక్కం మధ్యలో,
జడ తీసి ముందుకేసుకుంటుంది.
అంతే. అదే పిలుపు.
దాని కయ్యలో ఎండ్రకాయ ఉండకూడదు.
మేస్త్రి అరవకూడదు.
మెడ దగ్గర మాత్రం
ఇంకో నాలుగు కుదుళ్లు ఎక్కువ నాటాలి.
నా చేతుల బిరుసు ఎంత తోమినా పోదు.
గరుగ్గా ఉందా అమ్మా, అని ఒకసారి అడిగా.
"అదే బాగుంది ఏడేడ్ల నలభై తొమ్మిది"
అంది, ఒకే ఊపిరిలో.

ఈ పొద్దు ఆరింటికి
వ్యాను పెంచలమ్మని దించిపోయింది.
రాత్రంతా ఐసులో రొయ్య తలలు తుంచిన వేళ్లు
తెల్లగా, నానిన కాగితంలా.
కాళ్లు కడుక్కొని చాప చివర బోర్లా పడింది,
చీరన్నా మార్చుకోలా.
నేను టీ పెడుతున్నా.
చిన్నోడు లేచి కళ్లు నులుముకున్నాడు.
అమ్మని చూశాడు. అమ్మ వీపుని చూశాడు.
పక్కన గొంతుక్కూర్చొని
అరచెయ్యి ఆనించి దమ్ము మొదలుపెట్టాడు.

"ఏందిరా ఇది" అంది, కళ్లు తెరవకుండానే.
"కదలబాక. గెనెం తెగుద్ది."

వాడు బల్ల తోలడం మరిచాడు,
కొంగల్ని మరిచాడు,
నాట్లు అడ్డదిడ్డంగా వేశాడు.
ఎండ్రకాయొక్కటే గుర్తుంది.
వేళ్లు చంక దాకా పోయి ఆగి
నా వైపు చూశాడు.
వద్దని తలాడించా.
నీళ్లు, అని చేత్తో చూపించా.

టీ పొంగిపోయింది.